మాట తెలుగులో, మర్మం ఇంగ్లిషులో

పోయిన వారం మా పత్రిక ఆఫీసు టేబుల్ మీదికి ఒక చీర వచ్చింది. ఒడిశాలోని గుణుపురంలో ఉండే ఒక తెలుగింటి పెద్దావిడ మనవరాలి ఓణీల వేడుకకని తెప్పించుకున్న చీర అది. బరంపురం దాకా బస్సులో వెళ్లి మగ్గాల వీధిలో బేరమాడే ఓపిక లేక, ఫోన్‌లో ఒక తెలుగు వెబ్‌సైట్ రాసిన వ్యాసం చదివి, ఆ వ్యాసం మధ్యలో మెరుస్తున్న డబ్బాలో ‘ఇప్పుడే కొనండి’ అన్న బటన్ నొక్కారు. వ్యాసం ‘మన బరంపురం పట్టు’ గురించి. వచ్చిన చీర అంచు మీద గుడి శిఖరాల వరస చక్కగానే ఉంది. తిరగేసి చూస్తే లేదు. నేసిన అంచు కాదది, అచ్చు వేసినది.

మగ్గం పనిలో తల పండిన మా పరిచయస్తుడొకాయన కొంగు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించాడు. పట్టయితే వెంట్రుక కాలిన వాసన రావాలి, బూడిద చేతిలో పొడిపొడిగా నలగాలి. ఇది కరిగి, ముడుచుకుని, నల్లటి పూసలా గట్టిపడింది. ‘ఇది మా ఊరి చీర కాదమ్మా’ అన్నాడాయన. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. చీర మడత పెట్టుకున్నారు.

చీర అమ్మినవాడి సంగతి వేరు. దానికి 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, సరుకు వాపసు పంపే పద్ధతి ఉంది, ఆవిడ పంపుతున్నారు కూడా. మాకు కడుపు మండింది ఆ వ్యాసం చూశాక. మొదటినుంచి చివరిదాకా తెలుగు. అదీ ముద్దొచ్చే తెలుగు. ‘మన అమ్మమ్మల పెట్టెలో చీర’, ‘మన గంజాం మగ్గం’ అంటూ పక్కన కూర్చుని చెప్పినట్టు రాశారు. పేజీని వేలితో తోసుకుంటూ, తోసుకుంటూ అట్టడుగుకు వెళితే, వేరే వార్తల బొమ్మలూ కాపీరైటు గీతా దాటాక, బూడిద రంగు చిన్నక్షరాల్లో ఒక వాక్యం కనిపించింది. ఈ లింకుల ద్వారా ఏదైనా కొంటే సైటుకు కమిషన్ ముట్టవచ్చని దాని అర్థం. ఆ వాక్యం ఇంగ్లిషులో ఉంది. పేజీ మొత్తానికీ ఇంగ్లిషులో ఉన్న వాక్యం అదొక్కటే.

రెండు రోజులు కూర్చుని మరికొన్ని సైట్లు తెరిచి చూశాం. చాలావాటిది ఇదే వరస. అమ్మే మాట తెలుగులో, డబ్బు సంగతి ఇంగ్లిషులో.

ఆంధ్ర సరిహద్దుకు ఇవతల, ఒడిశాలో తెలుగు చదవడమంటే ఏమిటో తెలిసినవారికి ఇది ఎంత పెద్ద తప్పో వేరే చెప్పక్కర్లేదు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగింటి పిల్లల్లో చాలామందికి బడి ఒడియాలో. ఇంట్లో మాట తెలుగు. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గరో, సినిమా పోస్టర్ల మీదో, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే పేపర్లోనో కూడబలుక్కుని నేర్చుకున్నవారు వీధికి పదిమంది ఉంటారు. ఇంగ్లిషు వారికి మూడో భాష, అదీ పరీక్ష గట్టెక్కే మటుకే. అలాంటివారికి ఫోన్‌లో తెలుగు అక్షరం కనబడితే మనవాళ్లు రాసిందన్న నమ్మకం ముందే కలుగుతుంది. షాపింగ్ డబ్బాలు పెట్టేవారు వ్యాపారం చేస్తున్నది ఈ నమ్మకం మీదే. నమ్మకాన్ని తెలుగులో వసూలు చేసుకుని, లెక్క మాత్రం వారికి రాని భాషలో చూపిస్తున్నారు.

ఈ డబ్బాలను విడ్జెట్లంటారు. తెలియనివారికి రెండు ముక్కలు. సైటు యజమాని దుకాణం పెట్టడు, సరుకు కొనడు, చూడడు, ముట్టడు. పెద్ద షాపింగ్ కంపెనీ ఇచ్చిన కోడ్ ముక్కను తన పేజీలో అతికిస్తాడు. కొన్ని డబ్బాల్లో సరుకును అతనే ఏరి పెడతాడు, కొన్నింట్లో పేజీలోని మాటలను బట్టి సరుకు దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఆ కోడ్‌కు ‘బరంపురం’ అన్న మాట తెలుసు, బరంపురం మగ్గం తెలియదు. అందుకే పట్టు గురించిన వ్యాసంలో పాలిస్టర్ వచ్చి కూర్చుంటుంది.

అమెజాన్ ఈ కమిషన్ పద్ధతిని 1996లో మొదలుపెట్టింది. దాని లెక్కలో ఒక కిటుకు ఉంది. పాఠకుడు లింకు నొక్కిన 24 గంటల లోపల అక్కడ ఏం కొన్నా, చాలా మటుకు కమిషన్ ఆ సైటు ఖాతాలోకే వెళుతుంది. చీర చూసి నచ్చక వదిలేసి, రాత్రి భోజనాలయ్యాక అదే ఫోన్‌లో మిక్సీ కొన్నారనుకోండి, మిక్సీ మీదా సైటుకు వాటా ఉంటుంది. అంటే చీర బాగుందా లేదా అన్నది సైటుకు పట్టాల్సిన అవసరమే లేదు. వేలు బటన్ మీద పడితే చాలు. ఇది తెలిసిన పాఠకుడు ‘మన అమ్మమ్మల పెట్టె’ అన్న మాటను ఒకలా చదువుతాడు, తెలియనివాడు ఇంకొకలా చదువుతాడు. తెలియనివాడుగా ఉంచడానికే కదా ఆ ఇంగ్లిషు!

మామూలు ఆన్‌లైన్ ప్రకటనలతో ఈ పేచీ ఇంతగా లేదు. సైట్లలో ప్రకటనలు వేసి డబ్బులో వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018లో తెలుగు సైట్లకు తలుపు తీసింది. అందులో వచ్చే ప్రకటన చాలావరకు ప్రకటనలాగే కనిపిస్తుంది, దాని మీద గుర్తు ఉంటుంది. ఆ డబ్బు కూడా ఊరికే రాదు. ఖాతాలో 100 డాలర్లు నిండితే గానీ చేతికి అందదు. చిన్న తెలుగు సైటుకు అది నిండటానికి నెలలు పడుతుంది. చిరునామా నిర్ధారణకు గూగుల్ పోస్టులో పంపే పిన్ కవరు కోసం పోస్ట్‌మ్యాన్ చుట్టూ తిరిగిన కుర్రాళ్లు మాకు తెలుసు. తన ప్రకటనల మీద తానే నొక్కుకుంటే, స్నేహితుల చేత నొక్కిస్తే ఖాతా మూసేస్తారని తెలియక ఉన్నది పోగొట్టుకున్నవారూ తెలుసు. వారి కష్టాన్ని మేం చిన్నచూపు చూడం.

సైటు నడపాలంటే ఖర్చులుంటాయి, కుర్రాళ్లు సూరత్ మగ్గాలకు రైలెక్కకుండా ఇంటిపట్టున నాలుగు రాళ్లు సంపాదించుకుంటే మీకేం కష్టం అని అడగవచ్చు. ఏ కష్టమూ లేదు, సంపాదించుకోనివ్వండి. కమిషన్ తీసుకోవడం తప్పని ఈ పత్రిక అనడం లేదు.

రెండో మాట ఒకటుంది. ‘దాచలేదు కదా, కింద రాశాం కదా’ అన్నది. ఇది విన్నప్పుడే మాకు చిర్రెత్తుకొస్తుంది. రాయడం వేరు, తెలియజెప్పడం వేరు. పేజీలో ఉన్న ప్రతి మాటా పాఠకుడికి అర్థం కావాలని ఆ సైటువారు పడిన తాపత్రయం చూడండి. చీర కొలతలు తెలుగులో రాశారు. ఉతికే పద్ధతి తెలుగులో రాశారు. ‘పట్టు’ అన్న మాటకు ‘సిల్క్’ అని పక్కన చెప్పే అవసరం కూడా పడలేదు, అంత శుద్ధంగా రాశారు. కమిషన్ దగ్గరికొచ్చేసరికి ఒక్కసారిగా ఆ తెలుగు ఎక్కడికి పోయింది?

ఆ సైటు నడిపే యువకుడితో మా విలేకరి ఫోన్‌లో మాట్లాడారు. గట్టిగా ఏమీ అనలేదు, ఆ ఒక్క వాక్యాన్ని తెలుగులో, పైన పెట్టవచ్చు కదా అని అడిగారు. అవతలి నుంచి వచ్చిన జవాబు: ‘తెలుగులో పెడితే ఎవరు నొక్కుతారు సార్?’

అతని నిజాయితీకి ఒక మార్కు వెయ్యాల్సిందే. భాష ఎందుకు మారిందో ఇంతకంటే సూటిగా మేమూ చెప్పలేం.

చట్టం ఈ విషయంలో మూగగా ఏమీ లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ప్రకటనలో చెప్పిన మాట ఏ భాషలో ఉంటే దాని కింద పెట్టే డిస్‌క్లెయిమర్ (ఆ మాటకు ఇచ్చే వివరణ) కూడా ఆ భాషలోనే ఉండాలని, అక్షరాల తీరు కూడా అదే ఉండాలని అందులో ఉంది. సరుకును సిఫారసు చేసేవారికి అమ్మేవారితో డబ్బు సంబంధం ఉంటే బయటపెట్టాలనీ ఉంది. 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్‌ల మీద, అంటే కొనేవారిని మభ్యపెట్టే వెబ్ కిటుకుల మీద వచ్చిన మార్గదర్శకాలు 13 రకాల మాయలను పేర్కొన్నాయి. వార్తలాగో వ్యాసంలాగో వేషం వేసుకున్న ప్రకటన వాటిలో ఒకటి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. డిస్‌క్లెయిమర్ వేరు, కమిషన్ సంగతి చెప్పడం వేరు అని లాయర్లు లాగవచ్చు. లాగనివ్వండి. రూలు ఉద్దేశం ఏమిటో బడికి వెళ్లే పిల్లకు కూడా అర్థమవుతుంది. అయితే గుణుపురంలో ఒక పెద్దావిడ చదివే పేజీని ఢిల్లీలో ఎవరు చూస్తారు? ఒడిశా రాష్ట్రంలో తెలుగు పేజీని చదివి తప్పు పట్టే అధికారి ఎక్కడున్నాడు? ఇక్కడి సైట్లకు ఆ ధీమా ఉంది.

మాకు భయం ఈ చీరతో ఆగదని. అదే సైటులో రెండు వ్యాసాల అవతల ‘మోకాళ్ల నొప్పులకు ఇంటి చిట్కా’ అని ఉంది. చిట్కా సగంలో ఉండగానే నూనె సీసా, దాని పక్కన బటన్. చీర పోతే డబ్బు పోతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన మనిషి ఆరు నెలలు నూనె రాసుకుంటూ కూర్చుంటే పోయేది వేరే. రేపు ఇదే డబ్బాలో అప్పులిచ్చే యాప్ వస్తుంది, ఎల్లుండి కాలేజీ సీట్లు వస్తాయి. మాట తెలుగులో, మర్మం ఇంగ్లిషులో అన్న పద్ధతి ఒక్కసారి చెల్లిందంటే దాన్ని ఏ సరుకుకైనా తగిలించవచ్చు. 2009 ఎన్నికలప్పుడు డబ్బు పుచ్చుకుని వార్తలు వేసిన పత్రికలు ఈ దేశంలో ఉన్నాయి. ఆ పెయిడ్ న్యూస్ మీద 2010లో ప్రెస్ కౌన్సిల్ నివేదిక ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ జబ్బు మొదలైంది కూడా ప్రకటనకు, వార్తకు మధ్య గీత చెరిపేసినప్పుడే.

మీరు శుద్ధపూసలా అని అడిగేవారుంటారు. కాదు. ఈ సంపాదకీయం రాయడానికి కూర్చున్నాకే మా సొంత వెబ్ పేజీ తెరిచి చూసుకున్నాం. పండగ వంటల శీర్షిక కింద కుక్కర్ల డబ్బా ఉంది. దాని కింద కమిషన్ వాక్యం ఇంగ్లిషులో ఉంది. ఏజెన్సీవారు పెట్టారు, మేం చూసుకోలేదు అన్న సాకు మా దగ్గరా ఉంది గానీ, చెప్పడానికి సిగ్గుగా ఉంది. నిన్న సాయంత్రమే దాన్ని తెలుగులోకి మార్చి, డబ్బా పైన పెట్టించాం. ఆ పనికి పట్టింది టీ తాగేంత సేపు.

ఈ మాట మనం పర్లాకిమిడి పక్కన కూర్చుని చెప్పుకోవాల్సి రావడం మరీ నొప్పి. గిడుగు రామమూర్తి పంతులు ఆ ఊళ్లోనే బడిలో పాఠాలు చెబుతూ, జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పండితులతో ఏళ్ల తరబడి తగవు పడ్డారు. పుస్తకంలో ఉన్నది మామూలు మనిషికి అర్థం కావాలి, అంతే ఆయన పట్టు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లినప్పుడు ఆ పెద్దాయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మనం ఇక్కడే ఉండిపోయాం, వాడుక తెలుగును అమ్మకానికి వాడుకుంటున్నాం.

బరంపురం మగ్గాల మీద కూర్చున్న దేవాంగుల కుటుంబాలు కూడా మనవే, ఆ ఇళ్లలోనూ తెలుగే వినిపిస్తుంది. వారి చీర పేరు చెప్పుకుని సైట్లు బతుకుతున్నాయి. ఎవరి పేరు చెప్పి బటన్ నొక్కించారో ఆ నేతగాడికి అందులో పైసా రాదు. పాలిస్టర్ చీర కట్టుకున్నావిడ ‘బరంపురం పట్టు ఇంతే’ అని నలుగురికీ చెప్పినప్పుడు పోయే పరువు మాత్రం ఆయనది.

కాబట్టి సరిహద్దు జిల్లాల్లో తెలుగు సైట్లు నడుపుతున్నవారిని అడుగుతున్నాం. వాక్యం మేమే రాసిస్తాం, ఉచితంగా తీసుకోండి: ‘ఈ బటన్ నొక్కి మీరు ఏదైనా కొంటే మాకు కమిషన్ వస్తుంది.’ తొమ్మిది మాటలు. డబ్బా పైన, వ్యాసంలో వాడిన సైజులోనే పెట్టండి. పెడితే నొక్కేవారు తగ్గుతారని మీకు భయమైతే, ఇన్నాళ్లూ నొక్కినవారు ఏమనుకుని నొక్కారో మీకు ముందే తెలుసన్నమాట. తెలుగులో రాయడం చేతకాదు అనుకుందామంటే, పైనున్న ఆ వెయ్యి మాటల వ్యాసం ఎవరు రాసిచ్చారండీ?