మెరుపుంది, స్పార్కే లేదు

బండి రోజూ బుద్ధిగా స్టార్ట్ అయ్యేటప్పుడు మన వంక చూసే నాథుడు ఉండడు. ఒక్కరోజు మొరాయించిందా, వీధి వీధంతా మెకానిక్కులే. కిక్కు చప్పుడును బట్టే అవతలివాళ్ళకి మన అవస్థ తెలిసిపోతుంది. మొదట్లో కొట్టే కిక్కులు మర్యాదగా ఉంటాయి. పోనుపోను వాటిలో కక్ష చేరుతుంది. ఆ కక్ష చేరిన కిక్కు వినపడగానే గేట్లు ఒక్కొక్కటే కిర్రుమంటాయి.

మొన్న ఆఫీసుకి బయల్దేరే వేళకి మా బండి సరిగ్గా అదే పని చేసింది. పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి అందించే కార్బురేటర్ల కాలం నాటి పాత బండి. సెల్ఫ్ నొక్కితే ఇంజను కుయ్ కుయ్‌మని తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. తిరుగుతోందంటే బ్యాటరీ బాగానే ఉన్నట్టు. 12 వోల్టుల బ్యాటరీ బాగా నీరసించిపోతే ఇంజను తిరగనే తిరగదు, స్టార్టర్‌కి కరెంటు వదిలే రిలే ఒక్కటే టిక్కుటిక్కుమంటుంది. ఈ మాట అనుకుని ధైర్యం తెచ్చుకునేలోపే మొదటి గేటు తెరుచుకుంది.

"పెట్రోలుందా?" అన్నారు ఎదురింటి మాస్టారు.

అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే అడిగే తీరులో "నువ్వు మర్చిపోయే రకానివే" అన్న మాట కూడా కలిసి ఉంటుంది. ఉందండీ అన్నాను. ఆయన నమ్మలేదు. ట్యాంకు మూత తీయించి, ఒక కన్ను మూసి లోపలికి చూశారు. బండిని ఊపించి, చెవి దగ్గర పెట్టి విన్నారు. ఆ తర్వాతే "ఉంది" అని ఒప్పుకున్నారు. పెట్రోలు ట్యాప్ చూశాం, ఆన్‌లోనే ఉంది. హ్యాండిల్ మీద ఇంజను ఆపే ఎర్ర స్విచ్ పిల్లలెవరైనా నొక్కారేమో అని అదీ చూశాం, సరిగానే ఉంది. ఏదో ఒకటి తప్పుగా ఉన్నా బాగుండేది. అన్నీ సవ్యంగా ఉండి బండి కదలకపోతే నలుగురిలో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"పక్కకి వంచవయ్యా!" అన్నారు పై వాటా బాబాయిగారు, బాల్కనీలోంచి.

ఈ వైద్యం మరీ వట్టిది కాదు. బండి ట్యాంకు ఫ్రేము మీద జీను వేసినట్టు అటూ ఇటూ దిగి ఉంటుంది. పెట్రోలు అడుగంటినప్పుడు కాస్తంత ట్యాప్ లేని వైపు ఉండిపోతుంది. వంచితే అదీ ఇటు దొర్లుతుంది. కానీ మా ట్యాంకు సగానికి పైగా నిండే ఉంది. ఆ మాటంటే పెద్దాయన నొచ్చుకుంటారని వంచాను. కార్బురేటర్ గొట్టంలోంచి నాలుగు చుక్కలు కారాయి. "అదీ సంగతి!" అన్నారాయన, దొంగ దొరికినట్టు. సంగతేమిటో మాత్రం చెప్పలేదు.

ఈలోగా మూలింటి కుర్రాడొచ్చి "చోక్ లాగండన్నా" అన్నాడు. మాస్టారు "చోక్ మూసెయ్" అన్నారు. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. చల్లబడ్డ ఇంజనుకి అది కాసేపు కావాలి, అంతవరకే. మావాళ్ళు ఒకరు లాగుతారు, ఒకరు మూస్తారు, మధ్యలో వంతులవారీగా కిక్కులు కొడతారు. కిక్కు కొట్టే అవకాశం వస్తే మగాడన్నవాడు వదులుకోడు. బాబాయిగారు కూడా మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి కిందికి దిగొచ్చారు. చివరికి పెట్రోలు వాసన గుప్పుమంది. ఓవర్‌ఫ్లో.

అప్పుడు చేయాల్సింది ఒకటుంది. ట్యాప్ కట్టేసి, చోక్ మూసేసి, యాక్సిలరేటర్ మొత్తం తిప్పిపట్టి కిక్కులు కొడితే లోపల పోగైన పెట్రోలు గాలితో పాటు బయటికి పోతుంది. ఆ మాట చెప్పాను. రెండుసార్లు చెప్పాను. అలాంటప్పుడు బండి యజమాని మాట ఎవరికీ వినపడదు.

"తోద్దాం" అని తీర్మానమైంది. సెకండ్ గేరులో వేసి క్లచ్ పట్టుకుని కూర్చున్నాను. ఫస్టులో వేస్తే వెనక చక్రం బిగుసుకుని జారుతుంది తప్ప ఇంజనుని తిప్పదు. వీధి చివరిదాకా తోశారు. క్లచ్ వదిలితే సైలెన్సర్ ఢామ్మని ఒక్కసారి పేలి ఊరుకుంది. ఆ చప్పుడుకి ఇంకో నాలుగు గేట్లు తెరుచుకున్నాయి.

ఇంత జరుగుతున్నా ప్రతి ఒక్కరూ అంటున్న మాట ఇంకొకటి ఉంది. "బండి మాత్రం భలే నీట్‌గా ఉంచావయ్యా!" నిజమే, బండి తళతళలాడుతోంది. కొన్ననాడు కూడా అంత మెరవలేదు.

తిరిగి ఇంటి ముందుకి తోసుకొచ్చేసరికి మా బావమరిది తల తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "రాత్రి నేనే కడిగాను బావా! షాంపూ పెట్టి, పైపు మూతి వేలితో నొక్కిపట్టి కొట్టాను. ఇంజను సందుల్లో చూడు, మట్టి మచ్చుకైనా లేదు."

వంగి, ఇంజనులో పెట్రోలుని అంటించే స్పార్క్ ప్లగ్గు మీది క్యాప్ లాగాను. ప్లప్‌మని ఊడొచ్చింది. లోపలి నుంచి నీళ్ళు నా బూటు మీద పడ్డాయి. ప్లగ్గు కూర్చునే గుంటలో చిన్న చెరువు. ఆ నీళ్ళు పోవడానికి పక్కనే సన్నటి రంధ్రం ఉంటుంది. మావాడు సందుల్లోంచి వెళ్ళగొట్టిన మట్టి అంతా వెళ్ళి దాంట్లో కూర్చుంది. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులు కాయిల్ దాటేసరికి వేలల్లోకి పెరుగుతాయి. ప్లగ్గు కొసన మిల్లీమీటరు కూడా లేని సందుని దూకడానికి ఆ జోరంతా కావాలి. తడి దారి ఉంటే కరెంటు అంత కష్టపడదు, క్యాప్ దగ్గరే ఇంజను లోహంలోకి జారుకుంటుంది.

మూలింటి కుర్రాడు అప్పటికే ప్లగ్గు పానా పట్టుకున్నాడు. ఆపాను. ముందు ప్లగ్గు విప్పితే గుంటలో నీళ్ళన్నీ సిలిండర్లోకే. గుడ్డతో అద్ది అద్ది గుంట ఆరబెట్టాం. మా ఆవిడ పిన్నీసు తెచ్చిస్తే దాంతో రంధ్రం పొడిచాను. ప్లగ్గు నల్లగా, పెట్రోలుతో తడిసి ముద్దగా ఉంది. దాన్ని ఇంజనుకి తాకించి స్పార్క్ వస్తుందో లేదో చూద్దామన్నాడు కుర్రాడు. "వాసన పోనీరా ముందు, అందరం కలిసి పోతాం" అన్నారు మాస్టారు. ఆ ఉదయం ఆయన అన్నవాటిలో ఇది బంగారం లాంటి మాట.

ప్లగ్గు తుడిచి, ఆరనిచ్చి, బిగించి, క్యాప్ విదిలించి తొడిగి, యాక్సిలరేటర్ తిప్పిపట్టి కిక్కు కొట్టాను. దగ్గింది. మళ్ళీ కొడితే వీధి నిండా నల్లటి పొగ కక్కి అందుకుంది.

"వంచమని నేను మొదటే చెప్పాను" అన్నారు బాబాయిగారు. చోక్ మహిమ అన్నాడు కుర్రాడు. మాస్టారు ఎందుకైనా మంచిదని పెట్రోలు ఇంకోసారి చూశారు.

మా బావమరిది మాత్రం ట్యాంకు చుట్టూ తిరిగి దిగాలుగా అన్నాడు, "అందరూ తలో చెయ్యీ వేసి మరకలు చేసేశారు బావా. సాయంత్రం నువ్వు రాగానే మళ్ళీ కడిగేస్తాలే."