పొట్టి గొలుసు రసాయనం గారికి, తిరుపతి నుంచి

పొట్టి గొలుసు ఫ్లోరిన్ రసాయనం గారికి నమస్కారాలు.

ముందుగా అభినందనలు. మీది కార్బన్ల గొలుసుకు ఫ్లోరిన్ అంటుకున్న రసాయనాల వంశం, అందులో గొలుసు పొట్టివాళ్లు మీరు. మీ పెద్దన్న పీఎఫ్‌ఓఏకి ఎనిమిది కార్బన్లు. నాన్‌స్టిక్ పెనాల తయారీలో దశాబ్దాలపాటు కొలువు చేసి, 2019లో మొండి కాలుష్య రసాయనాలను అడ్డుకునే స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాకెక్కాడు. ఆయన లేవకముందే మీరు సీట్లో తువ్వాలు వేసేశారు. 'మేం పొట్టివాళ్లం, ఒంట్లో ఎక్కువ రోజులు ఉండం' అన్నారు. నిజమే సామీ, ఒంట్లోంచి త్వరగానే పోతారు. లోకంలోంచే పోరు. పాపవినాశనంలో మునిగితే పాపాలు పోతాయంటారు గానీ, కార్బన్, ఫ్లోరిన్ల బంధం ఏ తీర్థానికీ లొంగదు. (ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గారపట్టడం వేరే కథ, అది మీ నెత్తిన రుద్దను.)

కాచితే నీళ్లు ఆవిరైపోతాయి, మీరు చిక్కబడతారు. బొగ్గు ఫిల్టర్‌కు మీ అన్నగారు బాగానే అంటుకుంటారు. మీకు నీళ్లంటేనే ప్రాణం. కాసేపు బొగ్గు మీద కూర్చున్నా, అన్నగారు రాగానే మర్యాదగా లేచి మళ్లీ నీళ్లలోకి దిగిపోతారు. ఈ కాలంలో ఇంత పెద్దరికం ఎక్కడుంది చెప్పండి!

మొన్న ఫిల్టర్ అబ్బాయి గ్లాసులో పెన్నులాంటి టీడీఎస్ మీటర్ ముంచి, '40 సార్, సూపర్ వాటర్' అన్నాడు. అది లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని ఉప్పుల లెక్క చెప్తుంది. మీ లెక్క నానోగ్రాముల్లో, అంటే అందులో పది లక్షలో వంతు. మీరు ఎదురుగా నిలబడినా దానికి ఆనరు. అమెరికావాళ్లు మీ బంధువు జెన్‌ఎక్స్‌కు 2024లో తాగునీళ్లలో లీటరుకు 10 నానోగ్రాములు దాటకూడదని గీత గీశారు. 2025లో ఆ గీత చెరిపేస్తామన్నారు. మీ పలుకుబడి మామూలుది కాదు.

మిమ్మల్ని నిజంగా విరగ్గొట్టే పద్ధతి ఒకటుంది. నీళ్లను 374 డిగ్రీలు దాటించి, మామూలు గాలి ఒత్తిడికి 200 రెట్లకు పైగా బిగించాలి. మా ఇంట్లో కుక్కర్ మూడో విజిల్‌కే అందరూ హాల్లోకి పరిగెడతాం.

మిగిలింది ఆర్ఓ. మా ఊరికి మీరొస్తే ఆ పొర చాలావరకు ఆపుతుంది. ఆపి, పక్కనున్న సన్నపైపులోంచి బకెట్లోకి వదులుతుంది. నీళ్లు వృథా చేయడం మా ఆవిడకు గిట్టదు, ఆ బకెట్ తీసుకెళ్లి కరివేపాకు చెట్టుకు పోస్తుంది. వేరు నుంచి ఆకుదాకా ఎక్కడంలో మీ అన్నల కంటే మీరే దిట్టలట కదా. మా ఇంట్లో సాంబారుకు రెండు రెబ్బలు తప్పనిసరి.

ఇట్లు,
20 లీటర్ల క్యాన్ కూడా కొంటున్న ఒక తిరుపతి వాసి