ఆంక్షల విద్యలో అమెరికా ఇంకా ఒకటో తరగతే

అమెరికా ప్రభుత్వం మీద జాలిపడే అవకాశం మనకు అరుదుగా వస్తుంది. వచ్చినప్పుడు వదులుకోకూడదు. రష్యా తుపాకులు, తూటాల మీద అది పెట్టిన దిగుమతి ఆంక్షలను మొదటి నుంచీ వరసగా చదివితే, గుంటూరు బ్రాడీపేటలో డబుల్ బ్యారెల్ లైసెన్సున్న ఏ పెద్దమనిషైనా అనే మాట ఒకటే: "పాపం, చిన్నపిల్లలు. ఇంకా నేర్చుకోవాలి."

వాళ్ల చరిత్ర చూడండి. 1994లో క్లింటన్ చైనా తుపాకులు, తూటాలు దేశంలోకి రావద్దన్నాడు. 2014 జులైలో ఉక్రెయిన్ గొడవ మీద కలాష్నికోవ్ కంపెనీని నల్లజాబితాలో పెట్టారు. వేప్ర్ రైఫిళ్లు చేసే మోలోత్ సంగతి వాళ్లకు గుర్తుకు రావడానికి 2017 దాకా పట్టింది. చివరికి రష్యా ప్రతిపక్ష నేత నవాల్నీ మీద విషప్రయోగం జరిగిన సరిగ్గా ఏడాదికి, 2021 ఆగస్టు 20న, రష్యాలో తయారైన తుపాకీకి గానీ తూటాకు గానీ ఇకపై కొత్త దిగుమతి పర్మిట్లు ఇవ్వబోమని ప్రకటించారు. అమలు ఎప్పటి నుంచి? సెప్టెంబరు 7. నడుమ 18 రోజులు! మన మిర్చి యార్డులో పుకారు ఒక కమిషన్ కొట్టు నుంచి పక్క కొట్టుకు చేరేలోపు సరుకు కోల్డ్ స్టోరేజీకి చేరి తలుపు పడిపోతుంది. వాళ్లు రెండున్నర వారాలు తలుపు బార్లా తీసిపెట్టి, అటుపైన నిషేధం అన్నారు. అంతకుముందే ఇచ్చిన పర్మిట్లు గడువు తీరేదాకా చెల్లుతాయని కూడా సెలవిచ్చారు. ఇంకేముంది, చేతిలో పర్మిట్ ఉన్న దిగుమతిదారు ఓడలు నింపుకున్నాడు. లేనివాడు కొట్టుకెళ్లి అరలు ఖాళీ చేశాడు.

ఇంతకీ వాళ్లు పోగొట్టుకున్న నిధి ఏమిటి? తులా, బర్నౌల్ అనే రష్యా ఊళ్ల ఫ్యాక్టరీల్లో పోసిన ఉక్కు కేసు తూటా. కేసంటే మందు నింపే గొట్టం. ఇత్తడి ఖరీదు, ఉక్కు చవక, అంతే రహస్యం. తుప్పు పట్టకుండా పైన లక్క పూతో, పాలిమర్ పూతో వేస్తారు. తూటా పేలినప్పుడు ఇత్తడి కేసు వ్యాకోచించి, తూటా కూర్చునే ఛాంబర్ గోడకు గట్టిగా ఆనుకుని, మళ్లీ సర్దుకుంటుంది. ఉక్కుకు అంత సాగుడు లేదు కాబట్టి పొగ వెనక్కి తన్ని, ఛాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్టు నిండా మసి పేరుకుంటుంది. ఖాళీ కేసును తిరిగి నింపుకుందామంటే అడుగున మందును అంటించే ప్రైమర్ బెర్డాన్ రకం, ఇంట్లో తీయడం ఒక నరకం. గుండు మీది రాగి కూడా పైపూతే, కింద ఉక్కు. అందుకే అక్కడి షూటింగ్ రేంజిల్లో చాలాచోట్ల గుమాస్తా అయస్కాంతం పట్టుకుని కూర్చుంటాడు. తూటా అంటుకుందా, బయటికి. ఇటువంటి సరుకు రాలేదని అంత పెద్ద దేశం గుండెలు బాదుకుంది.

ఆంక్షలతో రష్యాకు ఎంత నొప్పి పుట్టిందో రష్యాకే తెలియాలి. ఈలోగా కలాష్నికోవ్ యూఎస్ఏ పేరుతో ఫ్లోరిడాలో ఒక కంపెనీ అదే వాటం రైఫిల్‌ను అచ్చంగా అమెరికాలో చేసి అమ్ముకుంటోంది. రష్యా నుంచి వచ్చిన పాత సైగా, వేప్ర్ రైఫిళ్లు బీరువాలో ఉన్నవాడు రాత్రికి రాత్రి కామందు అయ్యాడు. వాళ్ల చట్టంలో ఇంకో ముచ్చట ఉంది: దిగుమతికి పనికిరాదన్న రకం సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను దేశంలో బిగించుకోవచ్చు గానీ, జాబితాలోని 20 భాగాల్లో విదేశీవి పదికి మించకూడదు. మ్యాగజైను డబ్బా ఒక భాగం, లోపల తూటాను పైకి నెట్టే పలక ఇంకొకటి, అడుగు రేకు మూడోది. కాబట్టి స్థానిక మ్యాగజైను ఒక్కటి తగిలిస్తే మూడు భాగాల దేశభక్తి ఒక్క దెబ్బతో వచ్చేస్తుంది. మన రిజిస్ట్రార్ ఆఫీసులో కూడా ఇంత సొగసైన లెక్క కనబడదు. దీన్ని మాత్రం మెచ్చుకోవాల్సిందే.

ఇప్పుడు మన సంగతి. 1980ల నడుమ నుంచి మామూలు లైసెన్సుదారు విదేశీ తుపాకీ దిగుమతి చేసుకోవడానికి వీల్లేదు. పేరున్న షూటింగ్ క్రీడాకారులకు వేరే దారి ఉంది, అది వాళ్లది. దీనికి ఏ నవాల్నీ అక్కర్లేదు, ఏ యుద్ధమూ అక్కర్లేదు. మన ఆంక్ష మన మీదే, శాశ్వతం, ప్రశాంతం. దీంతో మార్కెట్లో జరిగిన అద్భుతం చూడండి. వాళ్ల దేశంలో పాత సామాన్ల అంగడిలో దుమ్ము కొట్టుకునే ఇంగ్లండు వెబ్లీ .32 పిస్టల్ ఇక్కడ లక్షలు పలుకుతుంది. ఆస్తి పంపకాల్లో మాగాణి ఎకరం పెద్దవాడికి, వెబ్లీ చిన్నవాడికి అంటే చిన్నవాడు నొచ్చుకోడు. కస్టమ్స్ పట్టుకున్న విదేశీ ఆయుధాలను ఒకప్పుడు పార్లమెంటు సభ్యులకు, అధికారులకు అమ్మేవారు. ఆ భాగ్యానికి నోచుకోనివాళ్లకు కాన్పూర్ ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీ ఉండనే ఉంది: 2014లో ఆడవాళ్ల రక్షణ కోసమని 500 గ్రాముల నిర్భీక్ రివాల్వర్ తెచ్చి, 1.2 లక్షల పైచిలుకు ధర కట్టారు. పోటీ లేని చోట ధర ఎలా పుడుతుందో అర్థశాస్త్రం పిల్లలకు చూపించాలంటే ఇంతకన్నా మంచి నమూనా దొరకదు.

"పెదనాన్నా, ఇక్కడ తూటా రేటు మండిపోతోంది. వారానికి రెండు డబ్బాలకు మించి కాల్చలేకపోతున్నాం" అని డాలస్ అబ్బాయి వాట్సాప్‌లో వాపోతే బ్రాడీపేట పెదనాన్నగారు ఏమంటారు? "ఒరేయ్ నాన్నా, నా లైసెన్సులో ఏడాదికి ఎన్ని కొనాలో, ఇంట్లో ఒక్కసారికి ఎన్ని ఉండాలో గడి గీసి రాశారు. పోయినసారి కొన్న డబ్బా మూతే ఇంకా తీయలేదు" అంటారు. అయినా ఆయన నిపుణుడు. నిపుణత కాల్చడంలో లేదు, ఉన్నదాన్ని పాడవకుండా నిలబెట్టడంలో ఉంది.

ఉదాహరణకు ఆయన తాతలనాటి ఇంగ్లీషు పన్నెండు బోరు తుపాకీనే తీసుకోండి. అలాంటివి చాలావాటికి ఛాంబర్ పొడవు 65 మిల్లీమీటర్లు. ఇప్పటి తూటా డబ్బా మీద 70 అని ఉంటే? ఆ 70 అనేది పేలి మూతి విచ్చుకున్న ఖాళీ గొట్టం పొడవు. పేలకముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి అదే తూటా 65 ఛాంబర్‌లో హాయిగా దూరుతుంది, గన్ను మూసుకుంటుంది కూడా. మోసం అక్కడే. పేలాక మడత విచ్చుకోవడానికి చోటు చాలక ముందున్న ఇరుకు గొంతులోకి పొడుచుకొస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, పాత బ్యారెల్ ఓర్చుకున్నన్నాళ్లు ఓర్చుకుంటుంది. ఛాంబర్ కొలిపించకుండా తూటా కొనే పెద్దమనిషికి వేళ్ల లెక్క తర్వాత చూసుకోవాల్సి వస్తుంది.

.32 అని అడిగి తెచ్చుకునేవాళ్లది ఇంకో తంటా. కాన్పూర్ రివాల్వర్‌కు కావాల్సింది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, అంచున్న పొడవాటి తూటా. మన ప్రభుత్వ ఫ్యాక్టరీ చేసే అశని పిస్టల్‌కూ పాత వెబ్లీ పిస్టల్‌కూ పడేది పొట్టి .32 ఏసీపీ. డబ్బా మీద అంకె ఒకటే, లోపల సరుకు వేరు.

ప్రైమర్‌ను పొడిచి తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ను విరిగితే ఆ కథ వేరు. బర్మింగ్‌హామ్ నుంచి విడిభాగం రాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్‌ను మధ్యాహ్నానికి విప్పి సాయంత్రానికి బిగిస్తారు గానీ, తుపాకీ పిన్ను ముట్టుకోవాలంటే ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సున్న మేస్త్రీని వెతికి పట్టుకున్నా, పిన్ను ఉక్కుకు గట్టిదనం తక్కువైతే కొన నలిగి పువ్వులా విచ్చుకుంటుంది, ఎక్కువైతే మళ్లీ విరుగుతుంది, కొంచెం పొడవు మిగిలితే ప్రైమర్‌ను చిల్లు పొడిచి గ్యాసు వెనక్కి కొడుతుంది. అమెరికావాడికి ఈ చదువు ఏది?

ఇక ఎన్నికల కోడ్. 2024 మార్చి 16న షెడ్యూలు వచ్చింది, మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు. ఆయుధం స్టేషన్‌లో డిపాజిట్ చేయాలి. అనుభవజ్ఞుడు రసీదులో గన్ను నంబరు, తూటాల సంఖ్య, పట్టీ, కవరు అన్నీ రాయించుకుంటాడు. ఇచ్చే ముందు బ్యారెల్ లోపల నూనె గుడ్డ దూర్చి తీసి, పైన కూడా పల్చగా పూస్తాడు. తోలు కవరులో పెట్టి ఇస్తే మాత్రం కృష్ణాతీరం ఉక్కపోతకు తోలు చెమ్మ పీల్చి ఇనుముకు అంటగడుతుంది. వేసవి దాటి తెచ్చుకునేసరికి బ్యారెల్ మీద తుప్పు పొక్కులు. అమెరికా ఆంక్ష కొత్త తుపాకీని సరిహద్దులో ఆపగలదు గానీ, ఇంట్లో ఉన్న తుపాకీని ఐదేళ్లకోసారి తుప్పు పట్టించగలదా?

ఆ కలాష్నికోవ్ కంపెనీనే మనం అమేథీ జిల్లా కోర్వాలో భాగస్వామిని చేసుకున్నాం. అమెరికా తలుపు మూసిన మూడు నెలలకే, 2021 డిసెంబరులో, ఆరు లక్షలకు పైగా ఏకే-203 రైఫిళ్ల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అన్నీ సైన్యానికే. లైసెన్సుదారు ఫొటో చూసుకోవచ్చు.

అక్కడి కరువు భరించలేక డాలస్ అబ్బాయి మూటాముల్లె సర్దుకుని వచ్చేస్తానంటే దారి లేకపోలేదు. స్థిరపడటానికి తిరిగొచ్చేవాడు, అక్కడ కనీసం ఏడాది తన దగ్గరుండి వాడిన తుపాకీ ఒక్కటి, ఇక్కడి చట్టం ఒప్పుకునే బోరుదైతే, ఇక్కడి లైసెన్సు చూపించి తెచ్చుకోవచ్చు. సుంకం కట్టాలి. బతికున్నంత కాలం అమ్మకూడదు, అరువివ్వకూడదు. లైసెన్సుకు ఫారం ఏ-1 నింపే ముందు ఇల్లు ఎక్కడ తీసుకుంటాడో తేల్చుకోవాలి: భవానీపురంలో అయితే పోలీస్ కమిషనర్, ప్రకాశం బ్యారేజీ దాటి తాడేపల్లిలో అయితే గుంటూరు కలెక్టర్. వాస్తు బాగుందని మధ్యలో ఒడ్డు మార్చాడో, కొత్త ఆఫీసు పాత ఆఫీసు కాగితం అడుగుతుంది, పాత ఆఫీసు కొత్త చిరునామా రుజువు అడుగుతుంది. ఆ రుజువు కోసం గ్యాస్ కనెక్షన్ మార్పించుకోవడం మంచిది. అది త్వరగా అవుతుంది.