మాట పుట్టుకా, మాట వాడుకా?

ఒకరికి పని అప్పగించడానికి, పదవిలో పెట్టడానికి ఇంగ్లీషులో చాలా మాటలున్నాయి: అపాయింట్, అసైన్, డెప్యూట్, డెలిగేట్. వీటి అర్థం తేలాలంటే పుట్టుక తెలియాలా, వాడుక తెలిస్తే చాలా? పుట్టుక పక్షాన రిటైరైన ఇంగ్లీషు మాస్టారు మాట్లాడుతున్నారు. వాడుక పక్షాన ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న లాయరు.

మాస్టారు: ముందు అపాయింట్ సంగతి చూడమ్మా. డాక్టరు దగ్గరా అపాయింట్‌మెంటే, ఉద్యోగానికీ అపాయింట్‌మెంటే. రెండిటికీ ఒకే మాట ఎందుకు? పాత ఫ్రెంచిలో దానికి విషయాన్ని ఒక కొలిక్కి తేవడం, ఖరారు చేయడం అని అర్థం. అక్కడ ఖరారయ్యేది టైము, ఇక్కడ ఖరారయ్యేది మనిషి. డిజపాయింట్‌కు కూడా 15వ శతాబ్దంలో పదవి నుంచి తీసేయడం అనే అర్థం ఉండేది. నిరాశ అనే అర్థం తర్వాత స్థిరపడింది.

లాయరు: వినడానికి బాగుంది మాస్టారూ. కానీ ఇవాళ ఎవరైనా డిజపాయింట్ అయ్యానంటే ఉద్యోగం పోయిందని మనం అనుకోం కదా. నియమించే అధికారంలోనే తొలగించే అధికారం కూడా ఉంటుందని మాకు చెప్పేది 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం, 16వ సెక్షన్. పాత ఫ్రెంచి కాదు.

మాస్టారు: సరే, అసైన్ చూడు. లాటిన్‌లో సిగ్నమ్ అంటే గుర్తు. రోమన్లు ప్రభుత్వ భూమిని కొలిచి, హద్దులు వేసి పౌరులకు, మాజీ సైనికులకు పంచేవారు. ఆ పంపకానికి ఈ మాటే వాడారు. మన రెవెన్యూ రికార్డుల్లో పేదలకిచ్చిన భూమి పేరేమిటి? అసైన్డ్ భూమి. రెండు వేల ఏళ్లు దాటినా ఆ మాట భూమిని వదల్లేదు. నాకు ఇది చిన్న విషయంగా కనిపించదు.

లాయరు: అసైన్డ్ భూమి రైతు నా దగ్గరికొస్తే అడిగేది ఒక్కటే: దీన్ని అమ్ముకోవచ్చా? దానికి జవాబు 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టంలో, దాని సవరణల్లో ఉంటుంది.

మాస్టారు: రోములోనూ అదే ప్రశ్న వచ్చింది. క్రీ.పూ. 133లో టైబీరియస్ గ్రాకస్ అనే రోమన్ నాయకుడు పేదలకు పంచిన భూమిని అమ్మకూడదనే షరతు పెట్టాడు.

లాయరు: గ్రాకస్, అతని తమ్ముడు పోయాక ఇంకో చట్టం వచ్చి అమ్ముకోవచ్చంది. మాట మారలేదు, మారింది చట్టం. పైగా కాంట్రాక్టుల్లో మేం అసైన్ చేశామంటే హక్కును ఇంకొకరికి బదిలీ చేశామని. బదిలీ కూడని భూమికీ, బదిలీ చేసిన బాకీకీ ఒకటే మాట! వేరు పట్టుకుని రైతు ఎటు వెళ్లాలి?

మాస్టారు: అది గట్టి మాటే.

లాయరు: డెప్యుటీ సంగతి ఇంకా దూరం. దాని వెనకున్న పుటారే అనే లాటిన్ క్రియకు మొదట్లో చెట్టు కొమ్మలు కత్తిరించడమని అర్థం. అక్కణ్ణుంచి లెక్కించడం, ఎంచడం దాకా వెళ్లింది. కంప్యూటరూ అందులోంచే వచ్చింది, కాలో చెయ్యో తీసేసే ఆంప్యుటేషనూ అందులోంచే. ఇందులో డెప్యుటీ తహసీల్దారు పని ఎక్కడుంది?

మాస్టారు: డెప్యుటీని వదిలేద్దాం. లెఫ్టినెంట్‌లో దాపరికం లేదుగా! ఫ్రెంచిలో లియూ అంటే చోటు, టెనాంట్ అంటే పట్టుకుని ఉన్నవాడు. ఇంకొకరి చోటులో నిలబడ్డవాడు.

లాయరు: ఒప్పుకుంటాను. కానీ ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నరుకు ఏ అధికారాలున్నాయన్న దానిపై సుప్రీంకోర్టు దాకా వాదనలు నడిచాయి. అవి తేల్చింది రాజ్యాంగం, 239ఏఏ అధికరణం. ఇక డెలిగేట్ దగ్గరికి రండి. అందులోని లెగారేకు ప్రతినిధిగా పంపడమనీ అర్థముంది, వీలునామాలో రాసివ్వడమనీ ఉంది. అందుకే లెగసీ దాని చుట్టమే. మా కోర్టులో ఈ రెండిటికీ పొత్తు లేదు. వీలునామా మనిషి పోయాకే అమల్లోకి వస్తుంది. ఏజెంటుకిచ్చిన అధికారం మామూలుగా ఇచ్చినవాడు పోగానే పోతుంది. 1872 కాంట్రాక్టు చట్టం, 201వ సెక్షన్. ఒకే వేరు, రెండు కొమ్మలు చెరో వైపు.

మాస్టారు: ఎప్పటిదాకా అన్నది వేరు చెప్పదు, నిజం. ఎవరి తరఫున అన్నది చెబుతుంది. అటార్నీ అన్న మాట చూడు. పాత ఫ్రెంచిలో పని అప్పగించబడ్డవాడని అర్థం. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇక్కడి ప్లాటు చూసుకోమని బంధువులకు జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తారు. ఆ కాగితం పుచ్చుకున్నవాడు యజమాని కాడు, యజమాని తరఫున నిలబడ్డవాడు. ఇది తెలియక ఎంతమంది జీపీఏ మీద స్థలాలు కొని చిక్కుల్లో పడలేదు? 2011లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే కదమ్మా, జీపీఏతో హక్కు బదిలీ కాదని.

లాయరు: అది చెప్పడానికి కోర్టు ఫ్రెంచి చూడలేదు మాస్టారూ. ఆస్తి బదిలీ చట్టం చూసింది, రిజిస్టరైన సేల్ డీడ్ కావాలంది.

మాస్టారు: చూడకపోయినా అక్కడికే చేరింది.

లాయరు: ఈ ఒక్క మాటకు మీతో ఏకీభవిస్తాను. క్లయింటుకు మాత్రం సెక్షనే చెబుతాను.