ఎనిమిదేళ్ల పెళ్లిళ్ల పేరయ్య

ప్రేమ పెళ్లి గొప్పదా, పెద్దలు కుదిర్చిన పెళ్లి గొప్పదా అని మన ఇళ్లల్లో తరతరాలుగా నడుస్తున్న తగవు తీరిపోవడానికి కావాల్సిన సాక్ష్యం 1993లోనే అమెరికాలో విడుదలైంది. తప్పుడు పేరుతో చలామణీ అవుతుండటం వల్ల ఇన్నాళ్లూ ఎవరూ గుర్తుపట్టలేదు. నోరా ఎఫ్రాన్ తీసిన 'స్లీప్‌లెస్ ఇన్ సియాటిల్'ని లోకమంతా రొమాంటిక్ కామెడీ అంటోంది. శ్రద్ధగా పరిశీలిస్తే అందులో ప్రేమ వ్యవహారం బొత్తిగా కనపడదు. అది నూటికి నూరుపాళ్లూ కుదిర్చిన సంబంధం. అందులోనూ రెండో సంబంధం.

ఆధారాలు మనవి చేస్తాను. హీరో శామ్, అంటే టామ్ హాంక్స్, షికాగోలో ఆర్కిటెక్టు. భార్య క్యాన్సర్‌తో పోయింది. ఆ ఊళ్లో ఉండలేక కొడుకును తీసుకుని సియాటిల్ వచ్చి, నీళ్ల మీద తేలే ఇంట్లో కాపురం పెట్టాడు. రాత్రిళ్లు కంటి మీద కునుకు లేదు. మన దగ్గరైతే విషయం ఇంతదాకా రానిచ్చేవారా? పన్నెండో రోజు భోజనాల్లో సాంబారు వడ్డిస్తుండగానే ఎవరో ఒక పెద్దావిడ "మగాడు, ఎంతకాలమని ఇలా? ఆ పసివాడి మొహమన్నా చూడాలి కదా" అని నిట్టూర్చేది. పెరుగులోకి వచ్చేసరికి ఒక పేరు, ఊరు, పిల్ల చదువు కూడా బయటికొచ్చేవి. అక్కడి బంధువులకు ఆపాటి చొరవ లేకపోయింది. దాంతో ఎనిమిదేళ్ల జోనా తానే నడుం కట్టాల్సి వచ్చింది. క్రిస్మస్ ముందు రాత్రి, రేడియోలో సలహాలిచ్చే డాక్టరమ్మకు ఫోన్ చేసి, మా నాన్నకు కొత్త భార్య కావాలని చెప్పేశాడు. మన పేపర్లలో ఆదివారం నాడు వచ్చే 'వధువు కావలెను' ప్రకటనకీ దీనికీ తేడా ఏమన్నా ఉంటే, కులం కాలమ్ లేకపోవడమే.

తండ్రి కూడా ఫోన్ అందుకుని, పోయిన భార్యను తలుచుకుని నాలుగు మాటలు చెప్పాడు. దేశంలో ఆడవాళ్లంతా కళ్లొత్తుకున్నారు. కట్టలు కట్టలుగా ఉత్తరాలు వచ్చాయి. ఇక్కడొక సంగతి గమనించాలి. మొదటి భార్యను మర్చిపోలేకపోవడం మగవాడికి సొంత ఇల్లు, పెర్మనెంటు ఉద్యోగం లాంటి క్వాలిఫికేషను. 'అంత ప్రేమగా చూసుకున్నాడంటే మనల్నీ అలాగే చూసుకుంటాడు' అని లెక్క.

సొంతంగా ఆడమనిషిని ఎంచుకునే ప్రయత్నం కూడా శామ్ చేశాడు, కాదనను. విక్టోరియా అనే ఆవిడతో భోజనానికి వెళ్లాడు. ఆవిడ నవ్వు పిల్లవాడికి నచ్చలేదు. అంతే, ఆ సంబంధం తప్పిపోయింది. మొత్తం సినిమాలో ప్రేమ పెళ్లికి దారితీయగల ఏకైక ఘట్టం ఇదే. దాన్ని ఇంటిపెద్ద వీటో చేశాడు. వయసు ఎనిమిదైతేనేం, పెద్దరికం పెద్దరికమే.

అటు ఆడపెళ్లివారి కథ. బాల్టిమోర్ పత్రికలో పనిచేసే యానీ, అంటే మెగ్ రయాన్, కారులో పోతూ రేడియో విని ఏడ్చింది. ఆవిడకు అప్పటికే వాల్టర్ అనే బుద్ధిమంతుడితో నిశ్చితార్థం అయిపోయింది. ఆయనలో లోపమల్లా రకరకాల తిండి పదార్థాలు ఒంటికి పడకపోవడం. అయినా యానీ అబ్బాయి గురించి ఆరా తీయించింది. మనవాళ్లు ఈ పనికి వీధి చివర కిరాణా కొట్టాయన్నో, ఆఫీసు బయట టీ బండి దగ్గర నిలబడ్డ ప్యూన్‌నో కదిలిస్తారు. ఆవిడ ప్రైవేటు డిటెక్టివ్‌ను పెట్టుకుంది. పద్ధతి ఒకటే, ఫీజు వేరు.

జాతకాలు కూడా కలిశాయి. బేస్‌బాల్‌లో మూడో బేస్ దగ్గర ఆడినవాళ్లలో బ్రూక్స్ రాబిన్సన్‌ను మించినవాడు లేడని యానీ ఉత్తరంలో రాసింది. జోనా అభిప్రాయం కూడా అదే. ముప్పయ్యారుకు ముప్పయ్యారు గుణాలు! ఆ ఉత్తరాన్ని కూడా యానీ పోస్టు చేయలేదు, ఆమెకు చెప్పకుండా స్నేహితురాలు వేసేసింది. ముహూర్తం ఫిబ్రవరి 14, వేదిక న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ పైఅంతస్తు. పెళ్లికొడుకు సరేననకపోయినా పేరయ్య ఒంటరిగా విమానం ఎక్కేశాడు. చిన్నపిల్లల్ని ఒంటరిగా పంపరు కాబట్టి వాడి వయసు పన్నెండని వాడి స్నేహితురాలు జెస్సికా కంప్యూటర్లో కొట్టింది. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. వాటిలో మొదటి అబద్ధం ఎప్పుడూ వయసు మీదే ఉంటుందన్న సంగతి ఆ పిల్లకు ఎవరు చెప్పారో!

వాల్టర్ గురించి ఒక మాట. ఉంగరం తిరిగిచ్చేస్తే ఆయన మర్యాదగా పుచ్చుకున్నాడు. పంచాయితీ లేదు, నిశ్చితార్థం భోజనాల బిల్లు లేదు, "మా పరువేం కావాలి" అన్న బాబాయి లేడు. సినిమా మొత్తంలో నాకు నమ్మబుద్ధి కానిది ఈ ఒక్క సీనే.

చివరికి వధూవరులు ఎదురుపడి మాట్లాడుకునేది ఆఖరి కొద్ది నిమిషాల్లోనే. మన పెళ్లిచూపుల్లో వంటొచ్చా, పాటొచ్చా అని అడగడానికి పట్టే టైమ్ కూడా కాదు. ఆయన చెయ్యి చాచాడు, ఆవిడ పట్టుకుంది. పాణిగ్రహణం అయిపోయింది. పిల్లవాడు పక్కనే ఉండి మురిసిపోయాడు.

దీన్ని తెలుగులో తీస్తే బాగుంటుందని, కాకపోతే తండ్రి బదులు తల్లిని పెడదామని నా ప్రతిపాదన. మగవాడి రెండో పెళ్లికి మన దేశంలో ఏ ఉద్యమమూ అవసరం రాలేదు. ఆడదాని రెండో పెళ్లికి మాత్రం 1856లో చట్టం రావాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా పాతికేళ్లు ఆగి, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు ఊరంతా వెలివేస్తామంటున్నా తెలుగునాట మొదటిది జరిపించాల్సి వచ్చింది. ఇంత చరిత్ర ఉన్న సబ్జెక్టు కాబట్టి డ్రామాకు లోటుండదు.

సీను ఇలా ఉంటుంది. అర్ధరాత్రి ఎఫ్ఎంలో పాటల ప్రోగ్రాం. ఎనిమిదేళ్ల పిల్ల ఫోన్ చేసి, "ఆంటీ, మా అమ్మకు నిద్ర పట్టట్లేదు, మంచి నాన్న కావాలి" అంటుంది. ఆర్జే ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని, గబగబా భక్తిపాట వేసేస్తుంది. ఉత్తరాలు రావు. పాట పూర్తికాకముందే స్టేషన్‌కు ఒకే ఒక్క ఫోన్ వస్తుంది, పిల్ల మేనమామ దగ్గర్నుంచి.

"అమ్మా, ఆ పిల్ల చేతికి ఫోన్ ఇచ్చిందెవరో చెప్పిందా?"