నానోట్యూబ్ అల్లుడు గారికి

కార్బన్ నానోట్యూబ్, అంటే కంటికి ఆనని కార్బన్ గొట్టం, అల్లుడు గారికి, మిమ్మల్ని ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు వారింటికి ఇల్లరికం తెచ్చిన ల్యాబ్ మామ రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఇల్లు, అంటే మిమ్మల్ని కలిపి పోసిన ఎపాక్సీ ముక్క, మాత్రం నిన్న సాయంత్రం సాగదీసి చూసే టెన్సైల్ మెషీన్లో రెండు ముక్కలైంది.

సంబంధం చూసినప్పటి మీ బయోడేటా ఇంకా నా టేబుల్ మీదే ఉంది. సాగదీస్తే ఎంత మొండికేస్తారో చెప్పే అంకె సుమారు 1,000 గిగాపాస్కల్స్. ఉక్కుకి 200, మా ఎపాక్సీకి 3. ఒళ్లు చూస్తే ఉక్కు బరువులో నాలుగో వంతు. నడుము 10 నానోమీటర్లు, మీ పక్కన వెంట్రుక తాటిచెట్టు. వంశం సంగతి అడిగితే 1991లో జపాన్‌లో సుమియో ఇజిమా గారు రాసిన పేపర్ చూపించారు. 1952లోనే సోవియట్ వాళ్లు మీలాంటి గొట్టాలను ఫొటో తీశారన్న మాట మధ్యవర్తి మింగేశాడు. 2006లో జర్మనీ వాళ్లు పాత డమాస్కస్ కత్తిలో మీ జాడ కనబడిందన్నారు. ఆ జాతి ఉక్కును మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలోనూ కరిగించేవారు కదా, దూరపు చుట్టరికం కూడా కలిసిందని మురిసిపోయాను.

వంద గ్రాముల ఎపాక్సీ రెజిన్‌కి రెండు గ్రాముల మీరు. పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుందేమోనని మాస్కు పెట్టుకుని మరీ డబ్బా మూత తీశాను. అల్లుడికి మాస్కుతో ఎదురెళ్లిన మామ నేనొక్కడినే అయ్యుంటాను. పొడవాటి గొట్టాలు ఆస్బెస్టాస్ పోగుల్లా ప్రవర్తించొచ్చని 2008లో ఎలుకల మీద చేసిన పరీక్షల్లో తేలిందాయె.

తీరా చూస్తే మీరు ఒంటరిగా రాలేదు. స్నేహితులందరినీ మెడలు పెనవేసుకుని మరీ తెచ్చారు. ఎంత కలిపినా ఉప్మాలో ఉండల్లా అక్కడక్కడా కూర్చున్నారు. విడదీద్దామని శబ్ద తరంగాలతో కుదిపే సోనికేటర్ పెడితే విడిపోవడం మాట అటుంచి సగంమంది మధ్యకి విరిగి పొట్టివాళ్లయ్యారు. రెజిన్ పాకంలా చిక్కబడింది, అందులోంచి గాలిబుడగలు ఎంతకీ బయటికి రావు. విరిగిన చోట ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే నడిబొడ్డున మీ గుంపు ఒకటి, లోపల రెజిన్ చుక్కయినా లేకుండా. పగులు అక్కడే మొదలైంది. ఏమీ కలపని ముక్క ఇంతకన్నా ఎక్కువ బరువు మోసింది, తెలుసా?

అంచుల్లో ఒంటరిగా ఉన్న ఒకరిద్దరు పట్టుకున్నారు, కాదనను. కానీ మీరు గొట్టంలో గొట్టం దూర్చినట్టు ఉంటారు కదా, పై పొర రెజిన్ చేతిలో ఉంటే లోపలి పొరలు ఒరలోంచి కత్తి జారినట్టు జారిపోయాయి. మీ మధ్య చుట్టరికమే అంత, పొరకీ పొరకీ పట్టు ఉండదు.

ఆసిడ్‌లో ముంచి మర్యాద నేర్పమన్నారు తెలిసినవాళ్లు. నేర్పితే రెజిన్‌తో చెయ్యి కలుపుతారు గానీ గోడలకి చిల్లులు పడి కరెంటు మోసే గుణం తగ్గుతుంది.

ఆ గుణం గురించి అబద్ధమాడితే కళ్లు పోతాయి. విరిగిన ముక్కకే మల్టీమీటర్ పెట్టాను. ఉత్త ఎపాక్సీ అయితే అంకె కూడా రాదు, దీనికి కిలో ఓముల్లో పలికింది. మీరు ఒకరినొకరు తాకక్కర్లేదు, నానోమీటరో రెండో ఎడం ఉన్నా ఎలక్ట్రాన్ గోడ దూకేస్తుంది. అందుకే పప్పులో ఇంగువలా శాతంలో కొసరు చాలు, ప్లాస్టిక్ అంతా దారి పడుతుంది. ఇదే పనికి మామూలు కార్బన్ బ్లాక్ మసి పదిహేను శాతం దాకా తినేస్తుంది. కార్ల పెట్రోలు గొట్టాల్లో, కంప్యూటర్ చిప్స్ మోసే ట్రేల్లో పేరుకునే స్టాటిక్ కరెంటు దింపే ఉద్యోగం మీకు అలా వచ్చిందే కదా. బయోడేటాలో పహిల్వాన్ అని ఎవరు రాశారో గానీ, అసలు మీది లైన్‌మాన్ ఉద్యోగం.

వేడి సంగతి అడగను. ఒక్కరుగా కొలిస్తే రాగిని మించిపోతారట, మా ఇంట్లో మాత్రం ఒకరి నుంచి ఒకరికి దాటేచోటల్లా వేడి గేటు దగ్గరే నిలబడిపోయింది.

ఇల్లంతా బొగ్గు నలుపు చేశారు. ఇంకే రంగూ వేసే అవకాశం లేదు, అదీ సరే.

సంక్రాంతికి కొత్త అచ్చు పోస్తున్నాను. తప్పకుండా రండి. ఈసారి అర శాతం చాలు, అరిసెలు పెడతాను. స్నేహితులను డబ్బాలోనే ఉంచి ఒక్కరే రండి.

ఇట్లు,
మీ మామ