డిస్పాచ్ రిలీజ్ మీది రెండో సంతకం గారికి

నమస్కారం.

అమెరికా డొమెస్టిక్ విమానం దిగేటప్పుడు కెప్టెన్‌కు థాంక్స్ చెప్పడం మనవాళ్లకూ అలవాటైంది. మంచిదే. విమానం బయల్దేరవచ్చని చెప్పే పత్రమైన డిస్పాచ్ రిలీజ్ మీద మొదటి సంతకం ఆయనది. రెండోది మీరు, ఎక్కడో వేరే ఊళ్లో నాలుగు స్క్రీన్ల ముందు కూర్చుని ప్రయాణాన్ని ప్లాన్ చేసే డిస్పాచర్ చేతి నుంచి వచ్చినవారు. మీకు థాంక్స్ చెప్పే ప్రయాణికుడు ఇంకా పుట్టాలి.

చట్టం మాత్రం మిమ్మల్ని నెత్తిన పెట్టుకుంది. అమెరికా విమాన సంస్థల నిబంధనల్లోని పార్ట్ 121 ప్రకారం ప్రయాణానికి ముందు ప్లానింగ్‌కూ, ఆలస్యానికీ, రిలీజ్‌కూ కెప్టెన్, డిస్పాచర్ ఉమ్మడి బాధ్యులు. క్షేమంగా వెళ్లొచ్చని ఇద్దరూ నమ్మితేనే సంతకం. మిమ్మల్ని పెట్టే పని మరొకరికి అప్పగించవచ్చట, డిస్పాచ్ చేసే అధికారాన్ని మాత్రం అప్పగించకూడదట! ఇంత ఉమ్మడి ఆస్తీ జీతాల పట్టిక దగ్గరికొచ్చేసరికి ఎలా పంపకాలైందో మీకు తెలియంది కాదు. అక్కడ మీ పేరు ‘సపోర్ట్ స్టాఫ్’.

మీ పుట్టుకేమీ వేడుకగా జరగలేదు లెండి. 1935 మే 6న మిస్సోరీలో టీడబ్ల్యూఏ అనే సంస్థ విమానం కూలి సెనేటర్ బ్రాన్సన్ కటింగ్ చనిపోయాడు. పొగమంచు, అడుగంటిన ఇంధనం, సరిగా కుదరని రేడియో. ఆ గొడవ చల్లారకముందే, 1938లో, కొత్త విమానయాన చట్టం వచ్చింది. డిస్పాచర్‌కు ప్రభుత్వ సర్టిఫికెట్ దానితోనే.

ఇక మీ రోజువారీ కష్టం. విమానం చేరే వేళకు గంట ముందు నుంచి గంట తర్వాత దాకా మేఘం ఎత్తు 2,000 అడుగుల కన్నా గానీ, చూపు 3 మైళ్ల కన్నా గానీ తగ్గుతుందంటే, గమ్యంలో దిగలేకపోతే వెళ్లే మరో విమానాశ్రయాన్ని, అంటే ఆల్టర్నేట్‌ను, రాయాలి. గమ్యానికి, అక్కడి నుంచి ఆల్టర్నేట్‌కు, ఆపైన 45 నిమిషాలకు ఇంధనం ఉండాలి. ఫోర్‌కాస్ట్‌లో 2,500 అడుగులుందని ఆల్టర్నేట్ లేకుండా పంపారనుకోండి. విమానం గాల్లో ఉండగా సవరించిన ఫోర్‌కాస్ట్‌లో అది 800కి దిగితే? ఆల్టర్నేట్‌ను రిలీజ్‌లో చేర్చడానికి నిమిషం చాలు. ట్యాంకులో లేని ఇంధనాన్ని చేర్చడం ఎవరి తరం? అందుకే మీ మనిషి ముందే కాస్త ఎక్కువ పోయిస్తాడు. అదనపు ఇంధనాన్ని మోయడానికీ ఇంధనం ఖర్చవుతుంది కనుక మర్నాడు ఒక మెయిల్ వస్తుంది: ‘ఎందుకు పోయించారు?’ బ్రేకు వేసినప్పుడు చక్రాలు జారకుండా చూసే యాంటీ-స్కిడ్ చెడి, కింద రన్‌వే తడిగా ఉంటే దిగే బరువు తగ్గించాలి. అప్పుడు ఆగిపోయేది సామానో ప్రయాణికులో! మెయిళ్లు రెండవుతాయి.

అంటే మీ విలువంతా, మిమ్మల్ని వెయ్యనని ఆ మనిషి అనగలిగే క్షణంలోనే ఉంది. ఆ మాటన్నాక కూడా ఉద్యోగం నిలవాలంటే సంఘం కావాలి.

సంఘానికి దారి రైల్వే లేబర్ యాక్ట్. అవును, రైల్వేనే. 1926లో రైళ్ల కోసం పుట్టి, 1936లో విమానాలకూ తగిలించిన చట్టం. విడిగా ఒక ఆఫీసుకు సంఘం కుదరదు, సంస్థలోని డిస్పాచర్లంతా ఒకే వర్గం. వాళ్లలో సగం మందైనా సంఘం కావాలనే కార్డుల మీద సంతకం చేస్తేనే ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ మీడియేషన్ బోర్డు ఎన్నిక పెడుతుంది. 2010 దాకా ఇంకో ముచ్చట ఉండేది: ఓటు వెయ్యనివాడు ‘వద్దు’ అన్నట్టే లెక్క. నైట్ షిఫ్ట్ చేసి నిద్రపోయినవాడు కూడా యాజమాన్యం పక్షమే!

సంఘం గెలిచి ఒప్పందం కుదిరాక దానికి గడువు తీరడమనేది ఉండదు, ‘సవరణకు అర్హమైనది’ అవుతుందంతే. కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. సమ్మె చేయాలంటే ఇక మధ్యవర్తిత్వం చాలని బోర్డు వదిలిపెట్టాలి, ఆపైన 30 రోజులు చల్లబడాలి, అధ్యక్షుడు ఎమర్జెన్సీ బోర్డు వేస్తే మళ్లీ ఆగాలి. విమానానికి రిజర్వు 45 నిమిషాలు, బేరానికి ఏళ్లు.

అయినా కొన్నిచోట్ల నెగ్గారు. డెల్టా ఎయిర్‌లైన్స్‌లో ఫ్లైట్ అటెండెంట్లకు లేని సంఘం పైలట్లకూ, గుప్పెడు మంది డిస్పాచర్లకూ ఉంది.

మీరున్న రిలీజ్‌ను మూడు నెలలు దాచాలి. ఎప్పుడైనా సంఘం కార్డు మీదికి వస్తే మాత్రం పక్కన తారీఖు వేయించుకోండి. ఏడాది దాటిన కార్డు లెక్కలోకి రాదు.

ఇట్లు,
పది గంటల షిఫ్ట్ ముగించి, ఇంకా హెడ్‌సెట్ తియ్యనివాళ్లు